అటు తిరిగి కూర్చోండి సార్

మా కాలేజీ పరీక్షల సూచనల కాగితంలో అడుగున ఒక వాక్యం ఉండేది. 'విద్యార్థులు మణికట్టుకు రబ్బరు బ్యాండ్లు ధరించి పరీక్షకు హాజరు కారాదు.' కొత్తగా చేరిన లెక్చరర్లు అది చదివి ఆశ్చర్యపోయేవారు. సెల్‌ఫోన్ తేకూడదన్నారు, బాగానే ఉంది. చీటీలు తేకూడదన్నారు, అదీ బాగానే ఉంది. రబ్బరు బ్యాండుతో ఏం కాపీ కొడతారండీ అని అడిగేవారు. అడిగినవాళ్ళని నా దగ్గరికి పంపేవారు. ఎందుకంటే ఆ వాక్యానికి కారణం నేనే, దాని కథ బాగా చెప్పేదీ నేనే. స్టాఫ్ రూములో చెప్పాను, పెళ్ళి భోజనాల్లో చెప్పాను, ఒకసారి బయటి కాలేజీ వాళ్ళు సదస్సుకి పిలిస్తే అక్కడా చెప్పాను. ప్రతిచోటా నవ్వారు.

ఆ కథ తప్పు. అందులో నేను 'ముఠా నాయకురాలు' అని నవ్వించిన అమ్మాయి గురించి, నాకు తెలిసినంతవరకు ఉన్నదున్నట్టు, ఇక్కడ రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఆ పేరు ఒకసారి నా చేతిరాతతో ఒక ఫిర్యాదులోకి ఎక్కింది. మళ్ళీ నా చేత్తో రాయాలంటే మనసొప్పడం లేదు.

కరోనా మొదటి ఏడాది మా దగ్గర బీకాంలో చేరినవాళ్ళు కాలేజీ మెట్లెక్కకుండానే కాలేజీ విద్యార్థులయ్యారు. వాళ్ళకి అకౌంటింగ్ చెప్పాల్సింది నేను. ఇంట్లో ముందుగది గోడకి తెల్ల దుప్పటి కట్టి, పుస్తకాల దొంతర మీద ఫోన్ నిలబెట్టి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. ఎదురుగా మనుషులు ఉండేవారు కాదు. రంగు రంగుల గుండ్రాలు, ఒక్కో దాంట్లో ఒక్కో అక్షరం. డేటా అయిపోతుందని ఎవరూ కెమెరా పెట్టేవారు కాదు. పాతికేళ్ళ పాటు ముఖాలు చూసి, అర్థమైందో లేదో పసిగట్టి పాఠం నడిపిన మనిషిని, అక్షరాలకి పాఠం చెప్పాల్సి వచ్చింది.

ఆ అక్షరాల్లోంచి రోజూ మాట్లాడేది ఒక్కతే. కాస్త బొంగురు గొంతు, ఎప్పుడూ జలుబు చేసినట్టుండేది. ప్రశ్న అడిగే ముందు చిన్నగా దగ్గేది. ఏదో ఒకటి నములుతూ ఉండేది. వెనకాల ఎవరో ప్లాస్టిక్ కవర్లు విప్పుతున్నట్టు గరగరమని శబ్దం. విజయవాడ వన్ టౌన్‌లో వాళ్ళ నాన్నగారికి కవర్లు, పురికొస, రబ్బరు బ్యాండ్లు టోకున అమ్మే కొట్టు ఉందని, షట్టరు సగం దించి లోపల సరుకు బేళ్ళ మధ్య కూర్చుని క్లాసు వినేదని తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు ఆ అమ్మాయి అంటే గరగర శబ్దమూ, దగ్గూను.

తోటివాళ్ళని ఆమె పిలిచే తీరు వింతగా ఉండేది. ఒకరి ముఖం ఒకరికి తెలియదు కాబట్టి, వెనక వినపడే శబ్దాన్ని బట్టి పేరు పెట్టేసేది. హనుమాన్ జంక్షన్ నుంచి ఒక కుర్రాడు వినేవాడు, వాళ్ళిల్లు హైవే పక్కన. వాడు 'లారీ హారన్'. బందరు వైపు నేత కుటుంబం అమ్మాయి 'మగ్గం'. ఇంకొకడు 'కోళ్ళఫారం'.

"ఏరా కోళ్ళఫారం, సార్ చెప్పింది అర్థమైందా?"

"నాకు పేరుందక్కా."

"పేరు తెర మీద అందరికీ ఉంది. నువ్వు మాట్లాడకపోయినా మీ కోళ్ళు మాట్లాడతాయి కదా. అదే గుర్తు."

వయసులో ఏడాది పెద్దదో ఏమో, అసలు పెద్దది కాదో, అందరూ అక్కా అనేవారు. అంత పెత్తనం చేసే మనిషిని మరోలా పిలవడం కుదరదు. నాకు మాత్రం విసుగ్గా ఉండేది. నా క్లాసులో నా అనుమతి లేకుండా ఇంకో క్లాసు నడుస్తున్నట్టు అనిపించేది.

ఇప్పుడు ఎడమా కుడీ సంగతి చెప్పాలి. లెక్కలు రానివాళ్ళకి కూడా తెలిసేలా చెప్తాను. అకౌంటింగ్‌లో ప్రతి ఖాతాకీ రెండు పక్కలుంటాయి. ఎడమ పక్క డెబిట్, కుడి పక్క క్రెడిట్. నగదు లాంటిది చేతికొస్తే ఎడమ పక్క రాయాలి, పోతే కుడి పక్క. మొదట్లో పిల్లలకి ఇదే పెద్ద చిక్కు. దీనికి నాదొక పద్ధతి ఉండేది. నల్లబల్ల వైపు తిరిగి, రెండు చేతులూ బారగా చాచి, నా ఒళ్ళే ఖాతా అనుకోమని చెప్పేవాణ్ణి. ఈ చేయి డెబిట్, ఈ చేయి క్రెడిట్. కాలేజీ వదిలిన చాలా ఏళ్ళకి బజార్లో కనిపించిన విద్యార్థులు కూడా నన్ను చూడగానే చేతులు చాచి నవ్వేవారు. ఆ పద్ధతి మీద నాకు కొంత గర్వం ఉండేది.

ఫోన్ ముందు కూడా అదే చేశాను. కుర్చీలో కూర్చుని ఎడమ చేయి చాచి, "ఇది డెబిట్" అన్నాను. దగ్గు వినపడింది.

"సార్, ఒక్క మాటండీ."

"చెప్పమ్మా."

"మీరు ఎడమ అంటున్నారు, కుడి చూపిస్తున్నారు."

నేను తెర మీద నా బొమ్మ చూసుకున్నాను. నా ఎడమ చేయి ఎడమ పక్కనే ఉంది. "సరిగ్గా చూడమ్మా," అన్నాను.

"సరిగ్గానే చూస్తున్నానండీ. ఏరా లారీ హారన్, నీకెటు కనపడతంది?"

"కుడిపక్కే అక్కా," అన్నాడు వాడు. వాడి వెనక హారన్ మోగింది.

"మగ్గం, నీకు?"

"కుడే."

"నా ఎడమ చేయి ఏదో నాకు తెలియదా అమ్మా?" అన్నాను.

"అది కాదు సార్. కాలేజీలో మీరు బోర్డు వైపు తిరుగుతారు కదండీ, అక్కడే చదివిన మా అన్నయ్య చెప్పాడు. అప్పుడు మీ ఎడమ, మా ఎడమ ఒకటే. ఇప్పుడేమో మాకెదురుగా కూర్చున్నారు. మీరు అటు తిరిగి కూర్చోండి సార్. వీపు మావైపు పెట్టి. సరిపోద్ది."

ఎవరో కిసుక్కుమన్నారు. ఒకరు నవ్వితే మరొకరు. నేను చూడని ముఖాలన్నీ ఒక్కసారిగా నవ్వాయి. అందరి మైకులూ మూసేసి పాఠం ముగించాను. వీపు చూపించి పాఠం చెప్పమంటుందా అని వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడతో గొణిగాను. ఆవిడ కూర తిప్పుతూ, "తిరిగితే పోయేదేముంది?" అంది. మర్నాడు చేతులు చాచడం మానేశాను. తిరగలేదు. ఎడమ, కుడి అనే మాటలే అనకుండా నెట్టుకొచ్చాను.

ఆ తర్వాత ఒక విచిత్రం జరిగింది. తెర మీద గుండ్రాలు రోజురోజుకీ తగ్గిపోయాయి. అసైన్‌మెంట్లు మాత్రం బాగుపడ్డాయి. నా క్లాసుకి ముఖం చాటేసినవాళ్ళు కూడా డెబిట్ ఎక్కడ రాయాలో అక్కడే రాస్తున్నారు. తప్పులు చేసినా ఒకే తప్పు చేస్తున్నారు. కొన్న సరుకు బాగాలేదని తిప్పి పంపితే దాన్ని కొనుగోలు వాపసు అంటాం, సరుకు పోయింది కాబట్టి కుడి పక్క రాయాలి. ఆ లెక్క వచ్చేసరికి సగం మంది ఒకే రకంగా తప్పు రాస్తున్నారు. ఒకరి దగ్గర చూసి అందరూ దించుతున్నారని తీర్మానించుకున్నాను. ఆశ్చర్యపడాల్సిన చోట అనుమానపడ్డాను.

పరీక్ష కూడా ఆన్‌లైన్లోనే పెట్టాం. కెమెరా తెరిచి ఉంచాలి, మైకు తెరిచి ఉంచాలి, తెల్లకాగితం మీద రాసి ఫోటో తీసి పంపాలి. ఆ ఒక్కరోజుకి పక్కింటివాళ్ళ దగ్గరో చుట్టాల దగ్గరో ఫోన్లు అడిగి తెచ్చుకుని అందరూ కనిపించారు. వాళ్ళని నేను చూడటం అదే మొదలు. కొందరికి తెర సరిగా కనపడటం లేదంటే, ప్రశ్న నేనే పైకి చదవడం మొదలుపెట్టాను.

"నగదుతో వ్యాపారం ప్రారంభించారు."

టప్పుమని శబ్దం వచ్చింది. తలెత్తి చూశాను. ఆ చిన్న చిన్న గడుల్లో చాలామంది కుడి చేత్తో ఎడమ మణికట్టు మీద ఏదో లాగి వదిలారు. రబ్బరు బ్యాండ్లు. రెండో వాక్యం చదివాను. మళ్ళీ మణికట్టు, మళ్ళీ టప్పు. తర్వాత వాక్యానికి కొందరు లాగారు, కొందరు లాగబోయి ఆగారు. మూలన ఒక గడిలో, తల మీద చున్నీ కప్పుకున్న అమ్మాయి ఏదో నములుతోంది. ఆమె చేతికీ ఉంది.

సంకేతాలు అనుకున్నాను. జవాబు పత్రాలు చూస్తే కొనుగోలు వాపసు దగ్గర మళ్ళీ ఒకే తప్పు. ఇంకేం సాక్ష్యం కావాలి? ఆ రోజే ఫిర్యాదు రాశాను. కథ చెప్పేటప్పుడు, ఒకసారి లాగితే ఫలానా జవాబు, రెండుసార్లు లాగితే ఫలానా జవాబు అని వివరించేవాణ్ణి. అది పూర్తిగా నా కల్పన. ఎవరూ నాకు అలా చెప్పలేదు. కథ రక్తికట్టడానికి చేర్చాను.

విచారణ కూడా వీడియోలోనే జరిగింది. కమిటీలో ముగ్గురం ఉన్నాం. బ్యాండు ఎవరు నేర్పారని అడిగితే పిల్లలు తలలు దించుకున్నారు. ఆమె దగ్గింది.

"నేనేనండీ. అది మా బోర్డు."

"బోర్డేమిటమ్మా?" అన్నాడు కమిటీ పెద్దాయన.

"మాకు బోర్డు లేదు కదండీ. అందుకని చేతికి కట్టుకున్నాం. బ్యాండున్న చేయి డెబిట్." అని ఎడమ చేయి పైకెత్తి కెమెరా ముందు పెట్టింది.

నా తెర మీద ఆ చేయి కుడి పక్కన కనిపించింది.

అప్పుడు నాకు అర్థమైంది. మొత్తం కాకపోయినా, నోరు విప్పడానికి చాలినంత అర్థమైంది. 'అటు తిరిగి కూర్చోండి సార్' అన్న మాట చెవిలో మోగింది. కానీ ఫిర్యాదు మీద నా సంతకం ఉంది. కమిటీలో మూడో ఆయన, "కథలు బాగా చెప్తున్నావమ్మా," అంటే, నేను కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాను.

బ్యాండు కట్టుకున్న వాళ్ళందరి పరీక్షా రద్దు చేసి, మళ్ళీ రాయమన్నాం. ఆమె మిగతావాళ్ళందరికీ ఫోన్లు చేసి, తిట్టి, రాయించిందట. తను రాయలేదు. "నేను రాస్తే, నేను నేర్పింది కాపీ అని ఒప్పుకున్నట్టేనండీ," అని ఆఫీసులో చెప్పి టీసీ తీసుకుపోయిందని విన్నాను. సూచనల కాగితంలోకి ఆ వాక్యం వచ్చింది, ఆమె నా కథలోకి వచ్చింది.

మొన్న వేసవిలో పుస్తకాల పార్శిల్ ఒకటి హనుమాన్ జంక్షన్‌లో దిగిపోయిందంటే తెచ్చుకోవడానికి వెళ్ళాను. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కంప్యూటర్ ముందున్న కుర్రాడు నా రసీదు చూసి, ఎడమ మణికట్టు మీది రబ్బరు బ్యాండు లాగి వదిలి, టైపు చేయడం మొదలుపెట్టాడు.

"అదేంటి బాబూ, చేతికి?" అన్నాను.

"అలవాటండీ. ఇది లేకపోతే నాకు ఎంట్రీ పడదు." తల ఎత్తకుండానే చెప్పాడు. తర్వాత ఎత్తాడు. "మీ గొంతు ఎక్కడో విన్నానండీ. ఏమీ అనుకోకపోతే, 'అర్థమైందా అమ్మా' అనండొకసారి."

అన్నాను. కుర్రాడు లేచి నిలబడ్డాడు. బయట లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది. ఇద్దరికీ అదే గుర్తొచ్చి ఉంటుంది.

"మమ్మల్ని పట్టుకుంది మీరే కదండీ," అన్నాడు. కోపమేమీ లేదు. ఎప్పుడో ఆడిన క్రికెట్ గురించి చెప్తున్నట్టు అన్నాడు. టీ తెప్పించాడు. నేను అడుగుతూ పోయాను, చెప్తూ పోయాడు.

"ఇంట్లో టచ్ ఫోన్ ఒక్కటేనండీ. అది నాన్నతో లారీ ఎక్కేది. నాన్న ఇంట్లో ఉన్న రోజు మీ క్లాసు, లేని రోజు అక్క క్లాసు. మా అమ్మ బటన్ ఫోన్‌కి అక్క కాన్ఫరెన్స్ కలిపేది. పట్టినంతమందిని కలిపి చెప్పి, వాళ్ళయ్యాక ఇంకో గుంపుకి మళ్ళీ అదే పాఠం. మధ్యాహ్నమంతా అదే పని ఆవిడకి."

"రబ్బరు బ్యాండు ఎందుకు?"

"ఫోన్లో బొమ్మ కనపడదు కదండీ. నువ్వు లాగావో లేదో నాకు వినపడాలిరా అనేది. డెబిట్ అనగానే అందరం లాగాలి, ఆవిడకి టప్పుమని వినపడాలి. వినపడలేదా, ఇక చూస్కోండి. 'ఏరా, నగదొచ్చిందంటే నీ చేతికి నొప్పి పుట్టదేంటి?' అనేది. కోళ్ళఫారం వాడు మోసం చేసేవాడు సార్. నోటితో టప్పు అనేవాడు."

"మరి కొనుగోలు వాపసు?"

కుర్రాడు పెద్దగా నవ్వాడు. "అది ఆవిడకే రాదండీ. మా కొట్లో వాపసు పంపిన సరుకు వారంలో మారి మళ్ళీ వచ్చేస్తది, పోయినట్టెలా అవుద్ది అని వాదించేది. మేమూ అదే రాశాం."

పార్శిల్ చంకన పెట్టుకుని బస్సెక్కాను. ఇంటికి రాగానే ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాశాను. ఫిర్యాదు తప్పు, విచారణలో నేను మాట్లాడాల్సింది మాట్లాడలేదు, ఆ వాక్యం తీసేయాలి. వాక్యం తీసేశారు. పాత పరీక్ష తెరవడం కుదరదట. కావాలంటే ఆ అమ్మాయి ఎప్పుడైనా రాసుకోవచ్చన్నారు. ఆ ముక్క చెప్పడానికి వన్ టౌన్ వెళ్ళాను.

కొట్టు పట్టుకోవడం కష్టం కాలేదు. వాళ్ళ నాన్నగారు పురికొస ఉండలు సర్దుతూ, ఎవరు కావాలండీ అన్నారు. చెప్పాను. కాలేజీ నుంచి అనేసరికి ఆయన చేతులు ఆగాయి. కాసేపు నన్ను చూసి, పక్కనున్న ఇరుకు మెట్లు చూపించారు.

పైన గది సగం గోడౌను, సగం ట్యూషను. ఇంటర్ చదివే పిల్లలు, ఆ వీధి కొట్లలో పనిచేసే గుమాస్తాలు చాపల మీద కూర్చుని గోడ మీది బోర్డు చూస్తున్నారు. బోర్డు దగ్గర ఎవరూ లేరు. పాఠం మాత్రం వినపడుతోంది. అందరి వెనకా, కవర్ల బేలు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఆమె చెప్తోంది. ఆ గొంతుకి నేను ఊహించుకున్న మనిషి పొడగరి, భారీ మనిషి. ఈమె గుప్పెడంత ఉంది, దళసరి కళ్ళజోడు.

ఎప్పుడో చిన్న తెర మీద చూసిన నన్ను పోల్చుకోలేదు. "ఎవరు కావాలండీ?" అంది.

"నేనమ్మా. అకౌంటింగ్ సార్‌ని."

చిన్నగా దగ్గింది. "కూర్చోండి సార్."

ఎక్కడా అని చూస్తుంటే, "వాళ్ళతోనేనండీ. అటు తిరిగి," అంది. పిల్లలు జరిగారు. ఆమెకి వీపు పెట్టి, గోడ వైపు చూస్తూ చాప మీద కూర్చున్నాను. నాకేమీ వింతగా లేదు. చిన్న గడిలో చూసిన ఆ రెండుసార్లు తప్ప, నాకు ఆమె ఎప్పుడూ గొంతే కదా.

"ఇలా వెనకనుంచి చెప్తావా రోజూ?"

"ఎదురుగా కూర్చుంటే నా ఎడమ వీళ్ళ కుడైపోదా సార్? మీకు తెలుసు కదా."

తెలుసన్నాను. అప్పుడే తెలుసని కూడా చెప్పాను. విచారణ రోజు నువ్వు చేయెత్తినప్పుడే అర్థమైందని, అయినా నోరు విప్పలేదని, ఫిర్యాదు తప్పని ఇప్పుడు రాసిచ్చానని గోడకేసి చూస్తూ చెప్పాను. ముందున్న కుర్రాడు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. వెనకాల కవరు గరగరమంది.

"నా ఒక్కదాని గురించేనా, అందరి గురించీ రాసిచ్చారా?"

"అందరి గురించీ."

"మరి మంచిది."

"పరీక్ష రాయొచ్చంటున్నారమ్మా."

"చూద్దాం లెండి. కొనుగోలు వాపసు ఇప్పుడొచ్చు నాకు." పిల్లలు నవ్వారు. నవ్వు ఆగాక ఆమె గొంతు తగ్గించి అడిగింది. "సార్, ఒకటి అడుగుతాను, చెప్తారా? ఆ రోజు మేం ఎలా కనపడ్డాం?"

అర్థం కాలేదు నాకు.

"పాత ఫోన్ సార్ నాది. తెర మీద మీరొక్కరే కనపడ్డారు. వాళ్ళెవర్నీ చూళ్ళేదు నేను, ఇన్నేళ్ళూ ఫోన్లో చప్పుడు వినడమే. అందర్నీ ఒక్కచోట చూసింది మీరొక్కరే."

నేను ఆ గడులు గుర్తు తెచ్చుకున్నాను. మొదటి వాక్యం చదవగానే అందరి కుడి చేతులూ ఎలా లేచాయో, ఎడమ మణికట్టు మీదికి ఎలా వెళ్ళాయో చెప్పాను. ఒకమ్మాయి వెనక మగ్గం మీద సగం నేసిన చీర, కాషాయం రంగు అంచు ఉందని చెప్పాను. ఒకడు హైవే పక్కన అరుగు మీద కూర్చుని రాశాడని చెప్పాను.

"అందరూ ఒకేసారి లాగారా?"

"ఒకేసారమ్మా."

"కోళ్ళఫారం కూడానా?"

"వాడెవడో నాకు తెలియదు. ఒక గడిలో మాత్రం వెనకనుంచి కోడి ఒకటి నడుచుకుంటూ పోయింది."

"వాడే. వాడు లాగాడా? నోటితో అనలేదు కదా?"

"లాగాడమ్మా. చెయ్యి ఎర్రబడేట్టు లాగాడు."

వెనక ఆమె నవ్విందో, ఇంకేం చేసిందో తెలియదు. తిరిగి చూడాలనిపించింది, చూడలేదు.

"మళ్ళీ చెప్పండి సార్," అంది. "మొదటినుంచి."

గోడ వైపు చూస్తూ, మొదటినుంచి చెప్పాను.